‘ఆఖరిసారి పేరు పలికినప్పుడు రెండో చావు’: ఈజిప్టువాళ్ళు అన్నది అది కాదు

తాతయ్యో అమ్మమ్మో పోయిన ఇళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే సందేశం ఇది: “మనిషికి రెండు చావులు. ఊపిరి ఆగినప్పుడు ఒకటి, ఎవరో ఆఖరిసారి పేరు పలికినప్పుడు రెండోది. ఇది ప్రాచీన ఈజిప్టు నమ్మకం. పెద్దవాళ్ళ పేరు కార్టూష్‌లో రాయించి రోజూ పలకండి, బతికే ఉంటారు.”

రెండో చావు అన్న మాట ఈజిప్టులో నిజంగానే ఉంది. సమాధిలో శవంతో పాటు పెట్టే మంత్రాల సంపుటి అయిన మృతుల గ్రంథంలో 44, 175, 176 అధ్యాయాలు అది రాకుండా చదివే మంత్రాలే. కాకపోతే అది పరలోకంలో జరిగేది. చనిపోయాక జరిగే తీర్పులో గుండె సత్యానికి గుర్తైన ఈకతో సరితూగకపోతే మొసలి తల, సింహం ముందు భాగం, నీటిగుర్రం వెనక భాగం ఉన్న అమ్మిత్ అనే రాక్షసి ఆ గుండెను మింగేస్తుంది. ఇక్కడ మనం పేరు మరిచిపోవడానికీ దానికీ సంబంధం లేదు.

పేరు (వాళ్ళ మాటలో ‘రెన్’) మనిషిలో ఒక భాగమన్నది మాత్రం నిజం. విగ్రహాల మీద “ఇతని పేరును బతికించేది ఇతని కొడుకే” అని చెక్కించేవారు. దారినపోయేవాళ్ళను పిలిచి, వెయ్యి రొట్టెలు, వెయ్యి కుండల బీరు ఫలానావారికి అనండి, నోటి ఊపిరే కదా ఖర్చయ్యేది, అని సమాధి గోడలే బతిమాలతాయి. అంటే పేరు ఒక్కటే పలికితే చాలదు, వెంట తిండి ఉండాలి. మన తర్పణంలో పేరూ గోత్రంతో పాటు నువ్వులూ నీళ్ళూ ఉన్నట్టే. తర్వాతివాళ్ళ ప్రేమను నమ్ముకుని ఊరుకోలేదు కూడా. అస్యూత్‌లో జెఫాయ్‌హాపి అనే అధికారి రొట్టెలకూ దీపపు వత్తులకూ పూజారులు తదితరులతో ఏకంగా 10 ఒప్పందాలు రాయించి గోడమీద చెక్కించాడు. చెల్లింపు ‘గుడి రోజుల్లో’. ఒక గుడి రోజంటే ఏడాది రాబడిలో 360వ వంతు.

ఇక కార్టూష్. పేరు చుట్టూ గీసే ఆ తాడు చుట్ట రాజుకున్న అయిదు పేర్లలో రెండింటికే. రాణులకూ వేశారు, కానీ మామూలు మనిషికి కాదు. తాతగారి పేరు దాంట్లో పెట్టిస్తే ఆయన్ను ఫరోను చేసినట్టు.

వాళ్ళ పద్ధతిలోనే, బొమ్మల అక్షరాల్లో రాయించాలంటే హల్లులు చూసుకోండి, వాళ్ళు అచ్చులు రాయరు. రామయ్యకు నోరు (ర), గుడ్లగూబ (మ), రెండు రెల్లు కంకులు (య). ఈ అక్షరాలతో పేర్లు రాసి అమ్మే కీచైన్లవాళ్ళు ‘అ’కు రాబందును పెడతారు. నిజానికి అదీ హల్లే, అయినా గ్రీకు పేర్లకు లేఖకులే అలా వాడారు గనక వదిలేయొచ్చు. చివర కూర్చున్న మగమనిషి గుర్తు, నాయనమ్మకైతే ఆడమనిషి గుర్తు. పోయినవారు గనక పేరుకు ముందు మృతుల దేవుడి పేరు ‘ఒసైరిస్’, తర్వాత ‘మాఅ ఖెరు’, అంటే తీర్పులో మాట నెగ్గినవారు. ఎక్కువగా తప్పేది దిక్కు: బొమ్మల ముఖాలన్నీ వాక్యం మొదలయ్యే వైపే చూడాలి. చెక్కేవాడు ఒక్క గుడ్లగూబను తిప్పేసినా వరస చెడుతుంది.

తాత సంగతే కావాలంటే బెని హసన్‌లో రెండో ఖ్నుమ్‌హోటెప్ అనే అధికారి సమాధి ఉంది. పేరు అతని తల్లి తండ్రిదే, పదవీ ఆయనదే. పూర్వీకుల పేర్లు తలుపుల మీద చెరిగిపోయి కనిపిస్తే మళ్ళీ చదవగలిగేలా బాగుచేయించానని అందులో రాయించుకున్నాడు, ఒకరి పేరు ఇంకొకరి చోట పడకుండా.