16 కొని 8 ఏమిటండీ?

పాత సర్వరు, కొత్త డిస్కులు నాలుగు: ఒక్కోటి 4 టీబీ, 7200 ఆర్‌పీఎం. పైన నడవాల్సిన డేటాబేసు పోస్ట్‌గ్రెస్. ఒక డిస్కు పోయినా డేటా పోకుండా డిస్కుల్ని కలిపి కట్టడమే రెయిడ్. ప్రతిదీ రెండు కాపీలుగా దాచే రెయిడ్ 10 కడితే 8 టీబీ చేతికొస్తుంది. "16 కొని 8 ఏమిటండీ? మిగతావి ఎవరింటికెళ్ళాయి?" అన్నారు అకౌంట్స్ సారు. రెయిడ్ 5 అయితే కాపీలకి బదులు ఒక డిస్కంత చోటే కాపలాకి పోతుంది: 12. సంతకం ఆయనది, కాబట్టి 12. మెనూలో 5 నొక్కిన వేలు ఎవరిదో మాత్రం అడక్కండి.

టెస్టూ జరిగింది లెండి. డీడీ అనే కాపీ కమాండుతో 1 జీబీ సున్నాలు రాస్తే రయ్యిన పోయాయి. పోయింది డిస్కులోకి కాదు, ర్యాములోకి. ఎఫ్ఐఓ అనే డిస్కు పరీక్ష టూలు పెట్టి, ర్యాముని దాటేసే డైరెక్ట్ ఆన్ చేసి, 8 కేబీ ర్యాండమ్ రైట్లు (ఎక్కడపడితే అక్కడ చిన్న రాతలు) కొట్టి ఉంటే ఆ పూటే గుట్టు రట్టయ్యేది.

సోమవారం జీతాల పోస్టింగ్. డిస్కుల పని చూపే ఐఓస్టాట్‌లో నాలుగు డిస్కులూ నూటికి నూరు శాతం బిజీ. పడే రాతలు మాత్రం సెకనుకు 75, అదీ చచ్చీచెడీ.

రెయిడ్ 5ని నలుగురు అన్నదమ్ముల కిరాణా కొట్టు అనుకోండి. ముగ్గురి దగ్గర పద్దులు, నాలుగోవాడి దగ్గర మొత్తం. (మొత్తం మోసే ఖర్మ వంతులవారీగా మారుతుంది, అదొక్కటే న్యాయం.) రెండోవాడి పుస్తకంలో సబ్బు 20ని 22 చేయాలి. వాణ్ణి లేపి పాత 20 చదివించాలి. నాలుగోవాణ్ణి లేపి పాత మొత్తం చదివించాలి. అందులోంచి 20 తీసేసి, 22 కలిపి, మళ్ళీ ఇద్దరిచేతా రాయించాలి. రెండు రూపాయల తేడాకి రెండు చదవడాలు, రెండు రాయడాలు! డిస్కులు కూడిక బదులు ఎక్సార్ (బిట్ల మీద చేసే లెక్క) చేస్తాయి, తతంగం ఇదే. పొద్దస్తమానం పద్దులు దిద్దే అకౌంట్స్ సారుకి ఇది ఎక్కకపోవడమే విడ్డూరం.

డిస్కుకి సెకనుకు 75 పనుల లెక్కన నాలుగింటికి 300. రాతకి నాలుగు పనులైతే మిగిలేది 75, అంటే ఒక్క డిస్కు పెట్టు. రెయిడ్ 10లో జంటలో చెరో రాత, అంతే: 150. రెండు మొత్తాలు మోసే రెయిడ్ 6లో ఆరు పనులు: 50. పెద్ద వీడియో ఫైళ్ళయితే స్ట్రైపు (అన్ని డిస్కుల మీదా పరిచిన ఒక వరస) మొత్తం ఒకే దెబ్బకి రాసేస్తుంది, పాతవి చదివే పనుండదు, రెయిడ్ 5 బాగానే పరిగెడుతుంది. జీతాలు వీడియోలు కావు.

పోనీ డిస్కుల్ని నడిపే కంట్రోలర్ కార్డులోని క్యాష్ (రాతల్ని కాసేపు పట్టుకునే మెమరీ) ఆదుకుంటుందా అంటే దాని బ్యాటరీ ఎప్పుడో పోయింది. బ్యాటరీ లేకపోతే అది రైట్ బ్యాక్ (క్యాష్ అందుకోగానే "అయిపోయింది" అనడం) మానేసి రైట్ త్రూలోకి (డిస్కు మీద పడేదాకా ఆగడం) దిగిపోతుంది. బ్యాటరీకి ఇండెంటు పెడితే "యూపీఎస్ ఉందిగా?" అని తిరిగొచ్చింది.

చివరికి చేసింది: బ్యాకప్, చెరపడం, రెయిడ్ 10, రిస్టోర్. (సర్వరు 1024ల లెక్కలో 12ని 10.9గా, 8ని 7.3గా చూపుతుంది.) ఈ పొద్దున్నే మెయిలు: "మొన్న 10.9 చూపిన సర్వరు నేడు 7.3 చూపుతున్నది. తేడా 3.6 టీబీ ఏమైనదో రాతపూర్వకంగా తెలుపగలరు."