రోజర్ అండ్ మీ: తారీఖుల తగాదాలో పక్కకుపోయిన ప్రశ్న

లేఆఫ్‌ల మీద డాక్యుమెంటరీ వస్తే చూసినవాళ్ల మధ్య గొడవ చాలాసార్లు ఒకే దారిలో నడుస్తుంది. కంపెనీ చేసింది సబబేనా అన్న మాట రెండు రోజుల్లో వెనక్కి పోతుంది. తీసినవాడు నిజాయితీపరుడేనా అన్న మాట ముందుకొచ్చి కూర్చుంటుంది. ఆ దారి ఎలా పడిందో తెలియాలంటే మైకేల్ మూర్ 1989లో తీసిన ‘రోజర్ అండ్ మీ’ దగ్గరికి వెళ్లాలి.

ఆ సినిమాను టొరంటో చిత్రోత్సవంలో జనం నెత్తిన పెట్టుకున్నారు. ప్రేక్షకులు ఓటేసి ఇచ్చే బహుమతి దానికే దక్కింది. ఊళ్లో బింగో ఆటలు ఆడించి కూడా డబ్బు పోగేసి తీసిన ఆ చిత్రాన్ని వార్నర్ బ్రదర్స్ 30 లక్షల డాలర్లకు కొన్నది. కథ అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్ ఊరిది. 1908లో కార్ల కంపెనీ జనరల్ మోటార్స్ (జీఎం) పుట్టింది అక్కడే. 1936-37 చలికాలంలో కార్మికులు 44 రోజులు ఫ్యాక్టరీల లోపలే బైఠాయించి, తమ యూనియన్‌ను కంపెనీ చేత గుర్తింపజేసుకున్నదీ అక్కడే. 1978 ప్రాంతంలో ఆ ఊళ్లో, చుట్టుపక్కల జీఎంలో పనిచేసేవాళ్లు 80 వేల దాకా ఉండేవారు. తండ్రి వెనక కొడుకు అదే ప్లాంటుకు వెళ్లేవాడు. ఆ ప్లాంట్లు ఒక్కొక్కటే మూతపడుతుంటే, కంపెనీ ఛైర్మన్ రోజర్ స్మిత్‌ను ఒక్కసారి ఫ్లింట్‌కు వచ్చి చూడమని అడగడానికి మూర్ కెమెరాతో వెంటపడతాడు. సినిమా అంతా అదే.

చివరి ఘట్టం చూసినవాళ్లు మర్చిపోలేరు. వేదిక మీద స్మిత్ క్రిస్మస్ శుభాకాంక్షలు చెబుతూ ఇంగ్లిష్ నవలాకారుడు డికెన్స్ మాటలు చదువుతుంటాడు. అదే సమయంలో ఫ్లింట్‌లో అద్దె కట్టలేని కుటుంబం సామాను డిప్యూటీ షెరిఫ్ మనుషులు బయట పెడుతుంటారు. అలంకరించిన క్రిస్మస్ చెట్టును కూడా తెచ్చి రోడ్డు పక్కన పడేస్తారు. చివరి అక్షరాల్లో ఇంకో మాట కనిపిస్తుంది: ఈ సినిమాను ఫ్లింట్‌లో చూపించడం కుదరదు, అక్కడి థియేటర్లన్నీ మూతపడ్డాయి.

చప్పట్ల వెనకే ‘ఫిల్మ్ కామెంట్’ పత్రికలో హార్లన్ జేకబ్సన్ ఇంటర్వ్యూ వచ్చింది. ఆయన మూర్‌ను కూర్చోబెట్టి తారీఖులు అడిగాడు. జీఎం 1986 నవంబరులో 11 ప్లాంట్లు మూసేస్తానని, 29 వేల మంది మీద దాని ప్రభావం పడుతుందని ప్రకటించిన మాట నిజమే. కానీ ఆ ప్లాంట్లు నాలుగు రాష్ట్రాల్లో ఉన్నాయి, ఫ్లింట్ వాటా అందులో ఒక భాగం. ఊరిని నిలబెట్టడానికి కట్టిన ‘ఆటోవరల్డ్’ వినోద పార్కు తెరిచింది 1984 జులైలో, దెబ్బతిని మూతపడింది ఆర్నెల్లలోనే. అంటే 1986 ప్రకటనకు ముందే. సినిమాలో నిరుద్యోగులను పిజ్జాకు తీసుకెళ్లే రొనాల్డ్ రీగన్ అప్పటికి అమెరికా అధ్యక్షుడు కాదు, 1980లో ఓట్ల కోసం వచ్చిన అభ్యర్థి. సినిమాలో ఇవన్నీ ఒకే దెబ్బకు, ఒకే వరుసలో జరిగినట్టు అనిపిస్తాయి.

‘న్యూయార్కర్’ పత్రికలో సినీ విమర్శకురాలు పాలీన్ కేల్ 1990 జనవరిలో ఇంకా గట్టిగా రాసింది. అంతటి పేరున్న మనిషి రాసిన మాటలు కంపెనీకి ఉచితంగా దొరికిన ఆయుధమయ్యాయి. సినిమాను తప్పుబట్టిన సమీక్షల ప్రతులను జీఎం విలేకరుల చేతుల్లో పెట్టింది. మూర్ కనిపించే టీవీ కార్యక్రమాల నుంచి ప్రకటనలు వెనక్కి తీసుకుంది. టీవీ టాక్ షో నడిపే ఫిల్ డోనహ్యూ తన షోను ఫ్లింట్‌కే తెచ్చినప్పుడు, మా ఊరి పరువు తీశావని మూర్‌ను నిలదీసినవాళ్లూ, మా బతుకు చూపించావని మెచ్చుకున్నవాళ్లూ ఒకే హాలులో కూర్చున్నారు. ఫిబ్రవరిలో ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి, డాక్యుమెంటరీల జాబితాలో ఆ పేరు లేదు. సినిమా అంటే లెక్కల పుస్తకం కాదు, వ్యంగ్యానికి ఆ మాత్రం వెసులుబాటు ఉంటుందని రోజర్ ఈబర్ట్ లాంటి విమర్శకులు వెనకేసుకొచ్చారు.

ఈ వాదనలో రెండు పక్షాలూ ఒక ముఖ్యమైన విషయాన్ని చూడలేదని నేననుకుంటాను. తారీఖులు మార్చడం తప్పే, వెసులుబాటు పేరుతో దాన్ని దాటేయలేం. కానీ అసలు తారీఖులు ఉన్నవి ఉన్నట్టు పెట్టి ఉంటే జీఎం మీద నేరం తేలికయ్యేదా? మరింత బరువెక్కేది. 1980ల మొదట్లోనే ఫ్లింట్‌లో నిరుద్యోగం 20 శాతం దాటింది. ఒక్క ప్రకటనతో, ఒక్క ఉదయం కూలిపోయిన ఊరు కాదది. ఏళ్ల తరబడి కళ్ల ముందే చిక్కిపోయింది. అందరికీ తెలుసు, సమయమూ ఉంది. ఆ సమయంలో కార్మికుల ఊసు లేదు గానీ, కోట్ల డాలర్లు పోసి పార్కు కట్టారు. కంపెనీ చేతిలో డబ్బు లేదా అంటే, 1984లో జీఎం లాభం 450 కోట్ల డాలర్లు. ఆ ఏడాదే 250 కోట్లు పెట్టి వ్యాపారవేత్త రాస్ పెరో కంప్యూటర్ సేవల కంపెనీ ఈడీఎస్‌ను కొన్నది, మరుసటి ఏడాది హ్యూస్ ఎయిర్‌క్రాఫ్ట్‌ను కొన్నది. 1986 నవంబరులో ప్లాంట్లు మూసేస్తున్నామన్న ప్రకటన. డిసెంబరు 1న, జీఎం బోర్డులో కూర్చుని స్మిత్‌ను విమర్శిస్తున్న పెరోను సాగనంపడానికి చెల్లించింది సుమారు 70 కోట్ల డాలర్లు. ఈ రెండు తారీఖుల మధ్య నెల రోజులు కూడా లేవు. ఏ కత్తిరింపూ, ఏ అతుకూ అక్కర్లేని దృశ్యం ఇది. వరుసక్రమం మీద అంత రాసినవాళ్లు ఈ వరుసను ఎందుకు పట్టుకోలేదో నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

కేల్ చెప్పిన ఇంకో మాటను మాత్రం కొట్టిపారేయలేను. సినిమా మామూలు మనుషుల్ని చూసి మనల్ని నవ్వేలా చేస్తుంది, ఆ నవ్వు మీద నాకే చిన్నతనం అనిపించింది అన్నది ఆమె బాధ. ఆ సినిమాలో కుందేళ్లు అమ్ముకునే మహిళ ఉంది. ఇంటి ముందు బోర్డు: పెంచుకోవడానికా, కూరకా? ఒళ్లో కుందేలును దువ్వుతూ, వాటిని చిన్నప్పుడే అమ్మకపోతే ఒకదాన్నొకటి కొరుక్కుంటాయని చెబుతుంది. కాసేపటికి కెమెరా ముందే ఒక కుందేలును కొట్టి చంపి, తోలు వలుస్తుంది. హాళ్లలో నవ్వు అక్కడే అరుపుగా మారింది. ఆ తర్వాత రెండు నిమిషాలకే పోలీసులు ఒక నల్లజాతి మనిషిని కాల్చే వార్తా దృశ్యం వస్తుంది. కుందేలు గురించి తనను నిలదీసినవాళ్లు ఎందరో, ఆ మనిషి గురించి అడిగినవాళ్లు లేరని మూర్ తర్వాత చెప్పుకున్నాడు. ప్రేక్షకుడి దృష్టి ఎటు పోతుందో ఇంతకంటే స్పష్టంగా తెలియదు. ఆమె చేతిలో ఉన్నది పైసా పైసా లెక్క. చేతికొచ్చే చెక్కు చాలనప్పుడు పెరట్లో ఏమి పెంచి అమ్మవచ్చు అన్న లెక్క. నవ్వుకు అందులో చోటు లేదు. మూర్ ఆమెను ఇంకొంచెం సేపు మాట్లాడనిచ్చి ఉంటే బాగుండేది.

మన ఇళ్లకు ఈ సినిమా ఎందుకు తగులుతుందో వేరే చెప్పాలా? అదే మిషిగన్‌లో డెట్రాయిట్ చుట్టూ ఉన్న నోవై, ట్రాయ్, కాంటన్ లాంటి ఊళ్లలో కార్ల కంపెనీల సాఫ్ట్‌వేర్ పనుల మీద వెళ్లిన తెలుగు కుటుంబాలున్నాయి. 2022 నవంబరులో మెటా 11 వేల మందిని, 2023 జనవరిలో గూగుల్ 12 వేల మందిని తీసేసినప్పుడు హెచ్-1బీ మీద ఉన్నవాళ్ల చేతిలో మిగిలింది 60 రోజులు. ఈలోపు కొత్త స్పాన్సర్ దొరకాలి, లేదా పిల్లల బడి మధ్యలో ఆపేసి విమానం ఎక్కాలి. హైదరాబాద్‌లో వీసా గడువు ఉండదు గానీ హెచ్‌ఆర్ పిలుపు ఉంటుంది. రాజీనామా మీరే రాసిస్తే రిలీవింగ్ లెటర్ శుభ్రంగా ఇస్తాం, లేదంటే టెర్మినేషన్ అని రాస్తాం అంటారు. ఈఎంఐలు నడుస్తున్న మనిషి సంతకం పెడతాడు. కంపెనీ లెక్కల్లో అది లేఆఫ్ కిందికే రాదు.

ఇలాంటి వార్త రాగానే మన బంధువులు, స్నేహితులు, సాటి ఉద్యోగులే మొదట అనే మాట: స్కిల్స్ అప్‌గ్రేడ్ చేసుకోలేదు, కంఫర్ట్ జోన్‌లో ఉండిపోయాడు. నిన్నటి దాకా మంచి రేటింగ్ ఇచ్చిన కంపెనీకి ఈ రోజు ఆ మనిషి ఎలా పనికిరాకుండా పోయాడని అడిగేవాళ్లు తక్కువ. ఫ్లింట్‌లోనూ ఇదే జరిగింది. ఊరి జనానికి ధైర్యం నూరిపోయడానికి టీవీ బోధకుడు రాబర్ట్ షుల్లర్‌ను పిలిపించారు, అందుకు నగరం 20 వేల డాలర్లు ఇచ్చిందని సినిమా చెబుతుంది. గాయకుడు పాట్ బూన్ కూడా ధైర్యం చెప్పాడు. పని పోయిన మనిషి మనసు బాగోలేదు కాబట్టి దాన్ని బాగుచేయాలన్నది అందరి ఉద్దేశం. పని తీసేసిన నిర్ణయం దగ్గరికి ఎవరూ వెళ్లలేదు. మన దగ్గర ఆ బోధ ఇప్పుడు లింక్డ్‌ఇన్ పోస్టుల్లో దొరుకుతుంది. తీసేసిన కంపెనీకే కృతజ్ఞతలు చెబుతూ రాసే వీడ్కోలు పోస్టు చూసినప్పుడల్లా నాకు కోపం రాదు, గుండె బరువెక్కుతుంది. రేపటి ఇంటర్వ్యూలో తన పేరు చెడకూడదన్న భయం అందులో ప్రతి వాక్యం వెనకా ఉంటుంది.

తారీఖుల తగాదా పత్రికల్లో జోరుగా నడిచిన 1990లోనే రోజర్ స్మిత్ పదవీ విరమణ చేశాడు. ఆయన పింఛను ఏడాదికి పది లక్షల డాలర్లు దాటేలా కంపెనీ ఏర్పాటు చేసింది. ఫ్లింట్‌లో జీఎం ఉద్యోగాలు తగ్గుతూనే వచ్చి 2010 నాటికి పదివేల లోపుకు పడిపోయాయి.

మన లేఆఫ్‌ల మీద ఎవరో ఒకరు ఇలాంటి సినిమా తీయాలి. తీసేవాళ్లకు నా విన్నపం ఒకటే: తారీఖులు పక్కాగా, వరుసగా పెట్టండి. రాజీనామా రాయించుకున్నది ఏ రోజు, ఆ త్రైమాసికం లాభాలు ప్రకటించింది ఏ రోజు, షేర్ల బైబ్యాక్‌కు బోర్డు ఒప్పుకున్నది ఏ రోజు, పెద్దాయన జీతం పెంచింది ఏ రోజు. అవన్నీ వార్షిక నివేదికల్లో, స్టాక్ ఎక్స్ఛేంజీకి ఇచ్చే కాగితాల్లో ఉంటాయి. వాటి పక్కన ఉద్యోగం పోయిన మనిషి దగ్గరున్న మెయిళ్లు పెడితే చాలు.