సొమ్ము నాది, స్క్రూలు వాళ్లవి

"డెస్క్‌టాపే కొనరా, ఏది పోయినా అదొక్కటే మార్చుకోవచ్చు" అని మా అక్క కొడుక్కి చెప్పింది నేనే. ల్యాప్‌టాప్ కావాలని మొత్తుకుంటున్నవాణ్ని ఒప్పించి, పేరున్న కంపెనీ టవర్ కొనిపించా. కంపెనీ పేరు చెప్పను. ఈ విషయంలో పెద్ద బ్రాండ్లన్నీ ఇంచుమించు ఒకే తానులో ముక్కలు.

మొన్న వానలకి కరెంటు నాలుగుసార్లు పోయి వచ్చింది. ఐదోసారి ఎస్‌ఎంపీఎస్, అంటే లోపలి భాగాలకి కరెంటు అందించే పెట్టె, పోయింది, ఇక రాలేదు. రెండున్నర వేలు పెడితే 450 వాట్లది కొత్తది వస్తుంది, అరగంట పని అనుకుని డబ్బా ఎత్తుకుని సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లా. షాపులో కుర్రాడు స్క్రూడ్రైవర్ కూడా తీయలేదు. "బ్రాండెడా అన్నా?" అన్నాడు. ఆ అడిగిన తీరుకే నాకు సగం విషయం అర్థమైపోయింది.

పక్క రేకు తీసి చూపించాడు. మామూలు మదర్‌బోర్డుకి, అంటే అన్ని భాగాలూ తగిలించే పెద్ద బోర్డుకి, కరెంటు అందేది 24 పిన్నుల కనెక్టర్‌తో, పన్నెండేసి రెండు వరసలు. మా దాంట్లో ఆరే ఆరు పిన్నులు. వేరే బ్రాండ్లలో ఎనిమిది ఉంటాయట, పది ఉంటాయట, పద్నాలుగు కూడా ఉంటాయట. హార్డ్‌డిస్క్‌కి కరెంటు ఎస్‌ఎంపీఎస్ నుంచి కాకుండా మదర్‌బోర్డు మీంచి పోతోంది, దానికో ప్రత్యేకమైన వైరు. సరే, పిన్నుల సంగతి ఎలాగో చూద్దామంటే కొత్త ఎస్‌ఎంపీఎస్ ఆ గూట్లో పట్టదు, వెనక స్క్రూ బెజ్జాలు కూడా కలవవు. అదే మోడల్‌ది పాతది, వాడేసినది, 180 వాట్లది, ఎక్కడో ఉందని ఫోన్ చేసి కనుక్కుంటే 3,800 చెప్పారు. కొత్త 450 కంటే పాత 180 ఎక్కువ రేటు!

ఇవన్నీ పాడైతే వచ్చే తిప్పలు. బాగున్నప్పుడు మాత్రం సుఖమా? వాడు కొన్న ఏడాదికే స్క్రీన్ మీద బొమ్మల పని చూసే గ్రాఫిక్స్ కార్డు అడిగాడు. మదర్‌బోర్డు మీద స్లాట్ ఉంది, ఖాళీగానే ఉంది. కానీ ఆ స్లాట్ ఇచ్చేది మహా అయితే 75 వాట్లు. అంతకు మించి తాగే కార్డుకి విడిగా వైరు కావాలి, ఆ వైరు ఈ ఎస్‌ఎంపీఎస్‌కి పుట్టుకతోనే లేదు. పెద్ద ఎస్‌ఎంపీఎస్ వేద్దామంటే మళ్లీ పిన్నుల దగ్గరికే వచ్చి ఆగుతాం.

చిరాకు ఎందుకంటే, ఇదేమీ తెలియని కాలం కాదు. ఏటీఎక్స్ అనే కొలతల్ని ఇంటెల్ 1995లోనే తెచ్చింది. బోర్డు ఒకరిది, డబ్బా ఒకరిది, ఎస్‌ఎంపీఎస్ ఇంకొకరిది అయినా కలిసి పనిచేసేలా. ఊరూరా కంప్యూటర్లు బిగించి బతికినవాళ్లంతా దాని పుణ్యమే. 1990ల చివర్లో డెల్ చేసిన పని చూడండి: చూడ్డానికి అచ్చం ఏటీఎక్స్ కనెక్టరే, లోపల వైర్ల వరస మాత్రం వేరు. మామూలు ఎస్‌ఎంపీఎస్ గుచ్చితే చక్కగా దిగుతుంది, ఆన్ చేస్తే బోర్డు కాలిపోవచ్చు. ఇప్పటివాళ్లు నయం, కనీసం దిగకుండా చేశారు.

కంపెనీల మాటలోనూ కొంత నిజం ఉంది, ఒప్పుకుంటా. ఎస్‌ఎంపీఎస్ ఒక్క 12 వోల్టులే ఇచ్చి, మిగతా వోల్టేజీలు బోర్డే తయారు చేసుకుంటే ఖాళీగా ఉన్నప్పుడు కరెంటు ఆదా అవుతుంది. ఆఫీసులో వంద డబ్బాలు ఉంటే అది చిన్న సంగతి కాదు. కానీ ఆ పద్ధతికి కూడా ఇంటెల్ పది పిన్నులతో ఉమ్మడి కొలతలు రాసి పెట్టిందిగా! అవి వాడొచ్చు కదా. ఎవడి కొలతలు వాడివే అనడంలో ఆదా ఏముంది?

ఆపిల్‌ని అందరూ తిడతారు. వాళ్ల డెస్క్‌టాప్ మ్యాక్ ప్రో 2019 మోడల్‌లో 1.5 టెరాబైట్ల దాకా ర్యామ్ మనమే వేసుకోవచ్చు. 2023 దాంట్లో 192 జీబీయే గరిష్ఠం, అదీ కొన్నప్పుడు ఎంతుంటే అంతే. స్లాట్లున్నా గ్రాఫిక్స్ కార్డు పనిచేయదు. ఘోరమే. కానీ ర్యామ్ తర్వాత పెరగదని కొనేముందే తెలుస్తుంది. మా డబ్బా అలా కాదు. టవర్ ఆకారం, విప్పడానికి స్క్రూలు, లోపల ఖాళీ స్లాట్లు, అన్నీ "రా, మార్చుకో" అంటున్నట్టే ఉంటాయి. నా ఒళ్లు మండేది అక్కడే.

కేంద్ర వినియోగదారుల శాఖ 2022లో రిపేరు హక్కు మీద కమిటీ వేసింది, ఆ డిసెంబర్లోనే పోర్టల్ కూడా తెరిచింది. సంతోషం. నేను అడిగేది అంతకన్నా చిన్నది. ఫ్రిజ్ మీద స్టార్ల స్టిక్కర్ వేస్తున్నారుగా, అలాగే డబ్బా మీద ఎస్‌ఎంపీఎస్ అందరి కొలతలదా, మీ సొంత కొలతలదా, ఎన్ని వాట్లు, గ్రాఫిక్స్ కార్డుకి విడి వైరు ఉందా లేదా, ఈ నాలుగు ముక్కలు రాయండి. చూసుకుని కొంటాం.

చివరికి ఏమైందంటారా? 24 పిన్నుల్ని ఆరు చేసే కన్వర్టర్ కేబుల్ ఆన్‌లైన్‌లో తెప్పించాం. కొత్త ఎస్‌ఎంపీఎస్ లోపల పట్టదు కాబట్టి టేబుల్ మీద చెక్కముక్క వేసి బయటే కూర్చోబెట్టాం, పక్క రేకు తీసేశాం. పాత ఎస్‌ఎంపీఎస్‌తో పాటు ముందున్న ఫ్యాను కూడా మొరాయిస్తోందని మామూలుది వేస్తే, దాని ప్లగ్గూ వేరే. ఎలాగో తిరుగుతోంది గానీ బోర్డు దాన్ని గుర్తించదు. ఆన్ చేసిన ప్రతిసారీ ఫ్యాను లేదని నల్ల స్క్రీన్ మీద ఏడుస్తుంది, ఎఫ్‌-వన్ కొడితేగానీ ముందుకు కదలదు. వాడు రోజూ పొద్దున్నే ఎఫ్‌-వన్ కొట్టి, "మామా, ఏది పోయినా మార్చుకోవచ్చు కదా" అని నా వైపు చూస్తాడు. ఆ కీ మీద అక్షరం అప్పుడే అరగడం మొదలైంది.