పడినవాళ్ల జాడ ఏదీ?

2024 సెప్టెంబర్ 29న స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో జరిగిన సైకిల్ రేసులో గమ్యం ఇంకా 100 కిలోమీటర్ల దూరం ఉండగానే తదేయ్ పొగాచర్ గుంపును వదిలి ముందుకు దూకాడు. ప్రపంచ చాంపియన్‌షిప్‌ను అంత దూరం నుంచి గెలవడం అయ్యే పని కాదని ప్రత్యర్థులే అనుకున్నారు. అయింది. అప్పటికే మూడు వారాలు సాగే రెండు పెద్ద రేసుల్లో, ఇటలీలోని జిరో డి ఇటాలియాను 9 నిమిషాల 56 సెకన్లు, ఫ్రాన్స్‌లోని టూర్ డి ఫ్రాన్స్‌ను 6 నిమిషాల 17 సెకన్ల తేడాతో ఎగరేసుకుపోయాడు ఈ స్లొవేనియా కుర్రాడు. ఈ మూడూ ఒకే ఏడాది గెలిచిన పురుషులు ఇంతకుముందు ఇద్దరే: 1974లో బెల్జియం రైడర్ ఎడ్డీ మెర్క్స్, 1987లో ఐర్లాండ్ రైడర్ స్టీఫెన్ రోష్. 2024లో పొగాచర్ విజయాలు మొత్తం 25. ఇంకొకరికి మిగిలిందేమిటని అడిగితే, మిగిలింది. 39 ఏళ్ల బ్రిటన్ రైడర్ మార్క్ కావెండిష్ టూర్‌లో తన 35వ స్టేజి (ఒక రోజు రేసు) గెలిచి మెర్క్స్ రికార్డు దాటాడు. ఎరిట్రియాకు చెందిన బినియమ్ గిర్మాయ్ టూర్‌లో పాయింట్లలో ముందున్నవాడికిచ్చే గ్రీన్ జెర్సీ తొడిగాడు. మహిళల టూర్ అయితే ఎనిమిది స్టేజీల తర్వాత నాలుగంటే నాలుగు సెకన్లతో తేలింది. చూసేవాళ్లకు పండగే.

కానీ అదే జ్యూరిక్‌లో, పొగాచర్ గెలుపునకు మూడు రోజుల ముందు, జూనియర్ అమ్మాయిల రేసు వానలో సాగింది. చెట్ల మధ్య నుంచి దిగే రోడ్డు మీద 18 ఏళ్ల స్విస్ రైడర్ మ్యూరియెల్ ఫ్యూరర్ రోడ్డు తప్పి పడిపోయింది. ఆమె పడిందన్న సంగతి వెంటనే ఎవరికీ తెలియలేదు. రేసు ఆమె లేకుండానే ముందుకెళ్లిపోయింది. మర్నాడు ఆ అమ్మాయి ఆస్పత్రిలో చనిపోయింది. ముందే కనిపెట్టి ఉంటే బతికేదో లేదో మనం చెప్పలేం. ఒక్క మాట మాత్రం అడగొచ్చు: ఎందుకు కనిపెట్టలేకపోయారు?

టెక్నాలజీ లేకనా? ఆ ఏడాది టూర్‌లో బయల్దేరిన 176 మంది సీట్ల కింద, ఎవరెక్కడున్నారో చెప్పే జీపీఎస్ ట్రాకర్లు ఉన్నాయి. ముందున్నవాడికీ వెనకున్నవాడికీ ఎన్ని సెకన్ల తేడా, ఎవరి వేగమెంత అన్నవి టీవీ తెర మీద క్షణక్షణం వస్తాయి. ప్రేక్షకుడి సరదాకు పనికొచ్చే పరికరం, పడిపోయిన పిల్లను వెతకడానికి జ్యూరిక్‌లో లేదు. పైగా ప్రపంచ చాంపియన్‌షిప్‌లో రైడర్ల చెవిలో, జట్టుతో మాట్లాడే రేడియో పెట్టుకోవడం అప్పటికి నిషిద్ధం. రేసు మజా పోతుందని కొందరి వాదన.

అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ఏమీ చేయలేదనడం న్యాయం కాదు. 2023లో జీనో మేడర్ స్విస్ లోయలో పడి చనిపోయాక భద్రతకంటూ ప్రత్యేక విభాగం పెట్టింది. 2024 ఆగస్టు నుంచి, ప్రమాదకరంగా ప్రవర్తించినవాళ్లకు పసుపు కార్డులను ప్రయోగాత్మకంగా చూపించింది. గుంపులో ఉండి, సహచరుడు గెలిచాడన్న ఆనందంలో హ్యాండిల్ వదిలి చేతులెత్తినా కార్డు పడొచ్చు. మంచిదే. అయితే ఆ ఏడాది ఏప్రిల్‌లో స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతపు రేసులో మలుపు దగ్గర అగ్రశ్రేణి రైడర్లు వింగెగో, ఎవెనెపోల్, రోగ్లిచ్ ఒకేసారి పడిపోయింది ఎవరో చేతులెత్తినందుకు కాదు. ఆ ప్రమాదంలో వింగెగోకు ఊపిరితిత్తి దెబ్బతింది, పక్కటెముకలు విరిగాయి. రైడర్‌ను దండించే నిబంధన రాయడం తేలిక. రోడ్డుకూ నిర్వాహకులకూ రాయడమే కష్టం.

2025 జనవరిలో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో కొత్త సీజన్ మొదలైంది. పసుపు కార్డులు అప్పటికి పూర్తిస్థాయిలో అమల్లోకి వచ్చాయి. జూనియర్లు సహా ప్రతి రైడర్‌కూ ట్రాకర్, దాన్ని చూస్తూ కూర్చునే మనిషి ఒకరు, ఇవి కూడా అదే రోజు నుంచి ఉండాల్సింది. ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నది జట్లూ సమాఖ్యా తర్వాత తేల్చుకుంటే సరిపోయేది.