గుడ్లున్నాయా అంటే జ్వరముందా అని

రిటైరయ్యాక మేమిద్దరం థాయిలాండ్‌లో హువా హిన్‌లో సెటిలయ్యాం. 50 ఏళ్లు నిండి, బ్యాంకులో 8 లక్షల బాత్ చూపిస్తే రిటైర్మెంట్ వీసా ఇస్తారు, భాష వచ్చా అని ఒక్కడూ అడగడు, అక్కడే కొంప మునిగింది.

థాయ్ క్లాసులో చేరిన కొత్తలో నా ధీమా చూడాల్సింది. 44 హల్లులట, గుణింతాలు దిద్దిన వాడికి అదో లెక్కా. పైగా టీచర్ని ఖ్రూ అంటారు, మన గురువే కదా, భాషని ఫాసా, తిండిని ఆహాన్, అన్నీ మన సొమ్మే. పక్కన కూర్చునే జర్మనీ పెద్దాయన కోడికీ గుడ్డుకీ తేడా పలకలేక చెమటలు కక్కేవాడు, కై అంటే కోడి ఖై అంటే గుడ్డు, ఆయన నోట్లో రెండూ గుడ్లే. నేనేమో ఒత్తు పెట్టి మరీ ఖై అని క్లాసంతా వినబడేలా అనేవాణ్ణి. ఒకే మాటని 5 రకాలుగా సాగదీసి పలకాలని చెప్పిన రోజు మాత్రం షుగర్ టెస్టుకని డుమ్మా కొట్టా.

ఓ పొద్దున మా ఆవిడ, ఏమండీ ఓ 10 గుడ్లు పట్రండి అంది. సందు చివర చిన్న షాపుకెళ్లి, దర్జాగా "మీ ఖై మై ఖ్రప్" అన్నా, అంటే గుడ్లున్నాయా అని. షాపావిడ నుదుటి మీద చెయ్యేసుకు చూసుకుని, తల అడ్డంగా ఊపింది. సరిగ్గా వినబడలేదేమోనని ఖై దగ్గర గొంతు లేపి కిందకి జార్చి, మన స్టైల్లో గట్టిగా మళ్లీ అడిగా. ఈసారి బయటికొచ్చి నా నుదురు పట్టుకు చూసింది. కాదమ్మా అని 10 వేళ్లూ చూపించా. ఆవిడ కళ్లు ఇంతయ్యాయి. ప్లాస్టిక్ స్టూలేసి కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, పారాసెటమాల్ షీటు చేతిలో పెట్టింది. డబ్బులు తీసుకోలేదు పాపం.

మధ్యాహ్నం ఖ్రూ నవ్వాపుకుని చెప్పింది, గుడ్డుకి గొంతు కిందనే ఉంచాలట, పైకెత్తి జారిస్తే జ్వరమట. అంటే నేను ఆవిణ్ణి నీకు జ్వరముందా అనడిగి, 10 రోజుల్నుంచి నాకు ఉందన్నట్టు వేళ్లు చూపించానన్నమాట.

మర్నాడు ప్రాక్టీసు చేసుకుని వెళ్లా. నేను నోరు తెరిచేలోపే ఆవిడ నవ్వుతూ నన్ను ఎగాదిగా చూసి "మై మీ ఖై" అంది. అయ్యో అయిపోయాయా అనుకుని వెనక్కొచ్చేశా.

మా ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఉంది. "లేవటనే" అన్నా.

"అదేంటండీ, నిన్న సాయంత్రం నేనెళ్లినప్పుడు ట్రేలు ట్రేలున్నాయి, వేలితో చూపించి తెచ్చుకున్నాగా" అంది.

మరి ఆవిడ లేదన్నది దేన్నో, ఫ్రిజ్ తలుపు తీసి గుడ్లు కనబడ్డాక వెలిగింది నాకు.