టెంప్లేట్ వాడితే మోసమా? ఆ మెసేజ్‌కు నా జవాబు

నల్గొండ, మిర్యాలగూడ వ్యాపారుల వాట్సాప్ గ్రూపుల్లో కొన్నాళ్లుగా ఒక మెసేజ్ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "వెబ్‌సైట్ చేయించుకునేవారు జాగ్రత్త. డిజైనర్లు ఎవరో చేసిన టెంప్లేట్ తెచ్చి, పేరు మార్చి, మీ దగ్గర వేలకు వేలు గుంజుతున్నారు. అది దొంగ సొత్తు. ఆ సైట్లన్నీ ఒకేలా ఉంటాయి. గూగుల్ వాటిని వెనక్కి నెడుతుంది." టెంప్లేట్ అంటే ముందే తయారై ఉండే సైటు నమూనా, దాన్నే థీమ్ అనీ అంటారు. గడియారం సెంటర్ దగ్గర ఏళ్ల తరబడి ఈ పనితోనే బతుకుతున్నవాణ్ణి. పోయిన వారం ఒక బత్తాయి వ్యాపారి ఇదే మెసేజ్ చూపించి, ఇచ్చిన అడ్వాన్సు తిరిగి ఇమ్మన్నారు. అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

మొదటిది, దొంగ సొత్తు అన్న మాట. ఇది శుద్ధ తప్పు. సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌గా 2003లో వచ్చిన వర్డ్‌ప్రెస్‌ది జీపీఎల్ లైసెన్సు. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, దాంతో చేసిన పనికి డబ్బు తీసుకోవచ్చు. ట్విటర్ ఉద్యోగులు సైటు పేజీల అమరిక కోసం తయారుచేసి 2011లో విడుదల చేసిన కోడైన బూట్‌స్ట్రాప్‌ది ఎంఐటీ లైసెన్సు. అదీ అంతే. థీమ్‌ఫారెస్ట్ అనే ఆన్‌లైన్ అంగడిలో అమ్మే టెంప్లేట్లకు మాత్రం సాధారణ లైసెన్సు ఒక్క సైటుకే చెల్లుతుంది. ఒకటి కొని పదిమందికి వేస్తే అది తప్పే. అంతకన్నా పెద్ద తప్పు, డబ్బు కట్టకుండా 'నల్డ్' థీములు, అంటే తాళం పగలగొట్టిన దొంగ కాపీలు, దించుకోవడం. వాటిలో చాలాసార్లు దొంగ కోడు దాగి ఉంటుంది. సైటు తెరిచినవారిని అది జూదం పేజీలకు తోసేస్తుంది. నిలదీయాల్సింది ఆ పని చేసేవారిని. లైసెన్సు కొన్నవారిని కాదు.

ఇక 'పేరు మార్చి' అన్న మాట. నన్ను నొప్పించింది ఇదే. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లుకు సైటు చేశాను. టెంప్లేట్ ఇంగ్లిష్ అక్షరాల కొలతతో చేసినది. అందులో మిల్లు పేరు తెలుగులో రెండు వరుసల్లో పెట్టగానే పై వరుసలోని 'ల్లు' వత్తు వచ్చి కింది వరుసలోని గుడి మీద కూర్చుంది. బటన్ మీద 'సంప్రదించండి' అని రాస్తే 'ప్ర' కింద ఉన్న వత్తు సగానికి తెగిపోయింది. టెంప్లేట్ ఫాంటులో తెలుగు అక్షరాలే లేవు, అందుకని ఒక్కో ఫోనులో ఒక్కో రూపం కనిపించింది. నోటో సాన్స్ తెలుగు ఫాంటు పెట్టి, వరుసల మధ్య ఎడం పెంచి, బటన్ల ఎత్తు మార్చి, చవక ఫోన్లు తెచ్చి ఒక్కో పేజీ చూసుకునేసరికి నాలుగు రోజులు పట్టింది. కోట్లు తొడుక్కున్న విదేశీయుల బొమ్మలు తీసేసి, హమాలీలు బస్తాలు ఎత్తుతున్న ఫొటోలు పొద్దున్నే వెళ్లి తీశాను. పచ్చి బియ్యం, ఉప్పుడు బియ్యం, నూక, తవుడు వేటికవి విడిగా పెట్టి, ఎన్ని కిలోల బస్తాల్లో దొరుకుతాయో రాశాను. యజమాని చెల్లించింది ఈ పనికి.

మన ప్రాంతానికి తెలిసిన సంగతే ఇంకొకటి చెబుతాను. ఆలేరు దగ్గర శారాజిపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు తల్లి పడుతున్న కష్టం చూడలేక 1999లో లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు. అంతకుముందు ఒక్క చీరకు ఆసు పోయడానికి, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పి పేర్చడానికి, చెయ్యి వేల సార్లు ఆడించాల్సి వచ్చేది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆసు యంత్రం మీద పోశారని పోచంపల్లి చీరను ఎవరైనా నకిలీ అన్నారా? రంగు అంటకూడని చోట దారానికి చిటికి (ముడి) కట్టేదీ, రంగు అద్దేదీ, నేసేదీ మనిషే కదా.

'అన్నీ ఒకేలా ఉంటాయి' అన్నదాంట్లో సగం నిజముంది. రంగు కూడా మార్చకుండా అప్పగించేవారు ఉన్నారు, అలాంటి సైట్లు ఈ జిల్లాలోనే చూశాను. అయితే ఆసుపత్రి ఫోన్ నంబరు పైన కనిపించడం, ఫంక్షన్ హాలు ఫొటోలు మొదట రావడం కాపీ కొట్టడం కాదు. చూసేవారికి అలవాటైన చోట అలవాటైన వస్తువు దొరకాలి.

గూగుల్ సంగతి: టెంప్లేట్ వాడితే వెనక్కి నెట్టే నియమమేదీ లేదు. పేజీలోని ముఖ్యమైన భాగం రెండున్నర సెకన్లలోపు కనిపించాలని గూగుల్ చెబుతుంది. అక్కరలేని స్లైడర్లు (జారుతూ మారే బొమ్మలు), యానిమేషన్లు కూరిన టెంప్లేట్ అక్కడ దెబ్బతింటుంది. వాటిని తీసేయడం డిజైనర్ పని. మొదటి నుంచి చేత్తో రాసిన సైటయినా బరువైన ఫొటోలు పెడితే అంతే నెమ్మదిస్తుంది.

ఆ మెసేజ్‌లో చెప్పాల్సి ఉండీ చెప్పనిది ఒకటుంది. టెంప్లేట్ వాడుతున్నామని దాచడం తప్పు. నేను ఇచ్చే కొటేషన్‌లో టెంప్లేట్ పేరు, దాని ధర, నా పనికి తీసుకునేది వేర్వేరు వరుసల్లో ఉంటాయి. లైసెన్సునూ డొమైన్‌నూ (సైటు చిరునామాను) వ్యాపారి పేరు మీదే కొంటాను. రేపు నాతో పొసగకపోతే ఇంకొకరి దగ్గరికి సైటుతో సహా వెళ్లిపోవచ్చు. బత్తాయి వ్యాపారికి ఆ కాగితమే మళ్లీ చూపించాను. ఒకటికి రెండుసార్లు చదివి, అడ్వాన్సు మాట వదిలేసి, తోట ఫొటోలు ఎప్పుడు తీస్తావని అడిగారు.