వలలు వదిలిన వాళ్లు, ఇల్లు వదలని వాళ్లు

గలిలయ సరస్సు ఒడ్డున యేసు ఒక్క మాట అనగానే సీమోను, అంద్రెయ వలలు వదిలేసి వెంట నడిచారు. ముక్కూ మొహం తెలియని బోధకుడు, చేతిలో చిల్లిగవ్వ లేని జాలరులు, క్షణంలో సర్వసంగ పరిత్యాగం: ప్రసంగాల్లో ఈ ఘట్టం ఇలాగే వినిపిస్తుంది. యేసు జీవితాన్ని చెప్పే నాలుగు బైబిలు గ్రంథాలైన సువార్తలను పక్కపక్కన పెట్టుకుని చదివితే మాత్రం ఇందులో ఏదీ అంత గట్టిగా నిలవదు.

ముందు పేదరికం సంగతి. సామాన్య శకం 70 ప్రాంతంలో రాసినదని ఎక్కువమంది పండితులు భావించే మార్కు సువార్త ఈ ఘట్టాన్ని ఐదే వచనాల్లో ముగించింది. అంత పొదుపులోనూ ఒక వివరం వదల్లేదు. సీమోను, అంద్రెయల వెంటనే యేసు పిలిచిన యాకోబు, యోహాను తమ తండ్రి జెబెదయిని జీతగాళ్లతో పాటు దోనెలో విడిచి వెళ్లారట. జీతానికి మనుషులను పెట్టుకున్న ఇల్లు కటిక పేద ఇల్లు కాదు. ఈ అన్నదమ్ములు సీమోనుకు వ్యాపారంలో పాలివారని లూకా చెబుతాడు. 1986లో కరువుకు సరస్సులో నీరు తగ్గినప్పుడు ఒడ్డునున్న గిన్నోసార్ దగ్గర ఆ కాలపు దోనె ఒకటి బయటపడింది. (కనిపెట్టింది కూడా ఇద్దరు జాలరి అన్నదమ్ములే!) పొడవు 8 మీటర్ల పైమాటే, నడపడానికి సుమారు ఐదుగురు కావాలి. అలాంటి దోనె నుంచి ఇద్దరు కొడుకులు దిగిపోతే భారం ఎవరి మీద పడిందో జెబెదయిని అడగాలి. సువార్తలు అడగలేదు.

పరిచయం విషయంలో యోహాను సువార్త కథే వేరు. అక్కడ సరస్సు లేదు, వలలూ లేవు. అంద్రెయ అప్పటికే బాప్తిస్మమిచ్చు యోహాను అనే మరో బోధకుడికి శిష్యుడు. గురువే యేసును చూపించాడు. అంద్రెయ వెళ్లి తన సోదరుడు సీమోనును తీసుకొచ్చాడు. వాళ్ల ఊరివాడే అయిన ఫిలిప్పు నతనయేలును పిలుచుకొచ్చాడు. బాప్తిస్మమిచ్చు యోహాను చెరలో పడ్డాకే యేసు గలిలయకు వచ్చాడని మార్కు అంటాడు. చెదిరిన ఒక శిష్యబృందంలోంచి, బంధుత్వాల దారిలో, ఈ కొత్త బృందం పుట్టిందని నా అభిప్రాయం. యోహాను సువార్తకు తనదైన మతోద్దేశం ఉంది కాబట్టి దాన్ని యథాతథ చరిత్రగా తీసుకోలేం. అయినా అన్నదమ్ములు జంటలుగా రావడం మార్కులోనూ ఉంది.

ఇక పరిత్యాగం. దాన్ని మన సన్యాసుల కథల్లా చదవడం అలవాటైపోయింది. వలలు వదిలాక మార్కు చూపించే ఇల్లు కపెర్నహూములోని సీమోనుదే. అక్కడ అతని అత్త జ్వరంతో పడుకుని ఉంది. రెండు దశాబ్దాల తర్వాత కొరింథీయులకు రాసిన లేఖలో తొలితరం క్రైస్తవ ప్రచారకుడు పౌలు, కేఫా భార్యను వెంటబెట్టుకుని తిరుగుతున్నాడని ప్రస్తావిస్తాడు. కేఫా అంటే ఈ సీమోనే, పేతురు అని మనం పిలిచేవాడే.

మరి బృందానికి తిండి ఎలా గడిచింది? మగ్దలేనే మరియ, సూసన్న, గలిలయ పాలకుడు హేరోదుకు గృహనిర్వాహకుడైన కూజా భార్య యోహన్న, మరికొందరు స్త్రీలు తమ ఆస్తితో పోషించారని లూకా రాశాడు. వీళ్లలో ఒక్కరినైనా యేసు ఎప్పుడు, ఎక్కడ పిలిచాడో ఏ సువార్తా చెప్పలేదు. పన్నులు వసూలు చేసే సుంకపు మెట్టు దగ్గర కూర్చున్న లేవికి మాత్రం ఒక పిలుపు ఘట్టం దక్కింది.